ఇరవై ఆరు రోజుల మోకాలు

గంగోత్రి ఎడమ మోకాలికి ఇక తొమ్మిది రోజులే ఉన్నాయని చెప్పింది నా యంత్రం. యంత్రాన్ని ఏమని తిడతాం? అందుకని గంగోత్రినే తిట్టాను.

"వారం కింద నలభై ఉండె గదనే! ఏం జేసినవ్? మెట్ల మీదికెల్లి దుంకినవా?"

"ఏం జెయ్యలేదత్తా. పొద్దుగాల లేసిన, తిన్న, గ్రౌండ్‌కొచ్చిన, నీ కుర్చీల అరగంట కూసున్న. గంతే."

"గంతే అయితే తొమ్మిదెట్లయితది?"

"నన్నడుగుతవేంది? నీ పట్టీనడుగు."

గంగోత్రి మా అన్న కూతురు. ఇరవై రెండేళ్లది, నోరు మాత్రం నలభై ఏళ్లది. ఇందూరు మెరికలు జట్టులో ఎడమ పక్కన పరుగెత్తే ఫార్వర్డ్. దేశంలో ఆడవాళ్ల ఫుట్‌బాల్‌కి అన్నిటికన్నా పై మెట్టు మహా లీగ్. అందులో పది జట్లుంటే తొమ్మిది మహానగరాలవి, పదోది మా ఇందూరుది. ఏటా అట్టడుగున నిలిచిన జట్టు కింది లీగ్‌లోకి జారిపోతుంది. ఆ రోజు గంగోత్రి లేకుండా ఆడి మావాళ్లు మూడు గోల్స్‌తో ఓడారు. ఇక మిగిలింది ఒక్క మ్యాచ్, వచ్చే ఆదివారం, సొంత మైదానంలో. అందులో కనీసం డ్రా చేసుకోకపోతే పై లీగ్‌లో ఇందూరు పేరే ఉండదు.

నా పట్టీ గురించి చెప్పాలి. రెండు వేళ్ల వెడల్పుంటుంది, మోకాలి చిప్ప కింద అతికిస్తారు. లోపల లిగమెంటు కదిలినప్పుడల్లా మన చెవికి అందని సన్నటి చప్పుడు చేస్తుంది. పోగులు చిట్లడం మొదలైతే ఆ చప్పుడు మారుతుంది. పట్టీ అది విని, ఇదే తీరున ఆడితే ఇంకెన్ని రోజుల్లో తెగుతుందో ఒక అంకె చెబుతుంది. మ్యాచ్‌కి ముందు ఆటగత్తెల్ని అరగంట కుర్చీలో కూర్చోబెట్టి, మోకాలు విశ్రాంతిగా ఉన్నప్పటి చప్పుడు పట్టీకి వినిపిస్తాం. దాన్నిబట్టే మిగతా లెక్కంతా. అంకె మైదానంలో పెద్ద తెర మీద అమ్మాయి పేరు పక్కనే పడుతుంది. ముప్పైకి తగ్గితే ఆట లేదు. టీవీ వాళ్లకైతే పండగే. ఎవరి మోకాలు ఎన్నాళ్లుంటుందని జనం పందేలు కూడా కాశారు, సిగ్గులేకుండా.

నేను మాత్రం పందేల కోసం చేయలేదు. పంతొమ్మిదో ఏట జిల్లా జట్టుకి ఆడుతూ కార్నర్ దగ్గర తిరిగినప్పుడు నా కుడి మోకాలు టప్పున తెగింది. ఇప్పుడు నాకు నలభై ఒకటి. చలికాలం వస్తే ఇప్పటికీ కుంటుతాను. ఆటలో మోకాళ్లు తెగడం మగపిల్లలకన్నా ఆడపిల్లలకే ఎక్కువ, అయినా దాని గురించి ఏడ్చే ల్యాబ్ ఒక్కటీ లేకపోయింది. నేనే ఏడ్చాను, పద్నాలుగేళ్లు. ఆ ఏడుపులోంచి పుట్టింది ఈ పట్టీ. అందుకే గంగోత్రి తొమ్మిది అంకె చూసి "ఆదివారం ఆడుత" అన్నప్పుడు నా ఒళ్లు మండిపోయింది.

"ఆడుడు లేదు, గీడుడు లేదు. నా లెక్క కుంటుకుంట తిరుగుతవా?"

అది పట్టీని చర్రున పీకి నా చేతిలో పెట్టింది. "మళ్ల దీన్ని నా కాలికి అంటియ్యకు" అని జట్టు హాస్టల్‌కి వెళ్లిపోయింది. ఆ వారమంతా నా ఫోన్ ఎత్తలేదు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో నేను ముఖం గంటు పెట్టుకుని కూర్చుంటే మా అవ్వ ఊరుకోలేదు. మా అవ్వ అంజవ్వ, అంటే మా అమ్మ. డెబ్బై రెండేళ్లు. చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టడం పదో ఏట మొదలుపెట్టింది, ఇంకా మానలేదు. మానమంటే "చేతులేమన్న నీయా?" అంటుంది.

"మోకాళ్లకు ముహూర్తం బెట్టే మిషిని గదా. నాకు గూడ పెట్టు. ఎన్నొద్దులుంటయో సూద్దాం."

పోనీ సరదా పడుతోంది కదా అని కుర్చీలో కూర్చోబెట్టి పట్టీ అంటించాను. అరగంటయ్యాక నా ఫోన్‌లో అంకె పడింది. మూడు.

"మూడొద్దులా!" అవ్వ పకపకా నవ్వింది. "ఎల్లుండికి పటుక్కుమంటదా? ఇగ పో, గీ కుర్చీల కాళ్లు గుంజుతున్నయి నాకు." దిగి, నేల మీద కాళ్లు మడిచి కూర్చుని చాట ఒళ్లోకి లాక్కుంది.

నేను లోపలికెళ్లి చాయ్ పెట్టుకుని, పక్కింటామెతో కాసేపు మాట్లాడి, తిరిగొచ్చి ఫోన్ చూశాను. నూట నలభై ఒకటి.

పట్టీ ఊడిందేమోనని చూశాను, ఊడలేదు. అవ్వని మళ్లీ కుర్చీ ఎక్కించాను. నూట నలభై కాస్తా అరవై, ఇరవై, ఏడు. మళ్లీ నేల మీదికి దించితే మళ్లీ నూరు దాటింది. నాలుగోసారి ఎక్కమంటే అవ్వ చేతిలో కత్తెర నేలకేసి కొట్టింది.

"నన్నేమన్న కోతిననుకున్నవానే? ఎక్కు దిగు, ఎక్కు దిగు!"

నాకు నవ్వు రాలేదు. పుట్టినప్పటి నుంచి నేల మీద మఠం వేసుకుని, గొంతుక్కూర్చుని పెరిగిన మోకాలికి విశ్రాంతి అంటే పూర్తిగా మడుచుకోవడం. కుర్చీలో సగం మడిచి వేలాడదీస్తే అది విశ్రాంతి కాదు, బిగుసుకుని మూలుగుతుంది. ఆ మూలుగుని నా పట్టీ పోగులు చిట్లే చప్పుడనుకుంటోంది. ఎంతసేపు కుర్చీలో ఉంచితే అంత ఎక్కువ మూలుగు, అంత చిన్న అంకె.

ఆ సాయంత్రమే హైదరాబాద్ బస్సెక్కాను. పొద్దున్నే ల్యాబ్ తెరిచి పాత రికార్డులన్నీ ముందేసుకున్నాను. పట్టీ మొదట నేర్చుకున్నది నగరంలోని కాలేజీ పిల్లల మోకాళ్ల మీద. ఆ తర్వాత పరీక్షకి పల్లెల నుంచి యాభై రెండు మంది ఆడపిల్లలు వచ్చారు. ఆ రోజు నాకు బాగా గుర్తు. వాళ్ల కోసం మా అటెండరు హాల్లో జంపఖానాలు పరిచాడు. పిల్లలు హాయిగా కూర్చున్నారు కూడా. నేనే వచ్చి అతని మీద విరుచుకుపడ్డాను. "మన దగ్గరికొచ్చిన ఆడపిల్లల్ని కిందేస్తవా? లెవ్వున్రి, అందరు లెవ్వున్రి!" పై అంతస్తు మీటింగ్ హాల్లోంచి యాభై రెండు కుర్చీలు మోయించాను. విశ్రాంతి అంటే కుర్చీ అని నియమావళిలో రాసింది ఆ రోజే.

ఎందుకంత రోషమంటే, నాకు పదేళ్లప్పుడు అవ్వతో బీడీల కంపెనీ ఆఫీసుకి వెళ్లాను. గుమాస్తా కుర్చీలో కూర్చుని అవ్వ చుట్టిన బీడీ కట్టల్ని విరిచి విసిరేస్తున్నాడు. అవ్వ కింద కూర్చుని ఏరుకుంటోంది. గుమాస్తా పక్కన ఇంకో కుర్చీ ఖాళీగా ఉంది. అవ్వని అందులో కూర్చోమని ఎవరూ అనలేదు, అవ్వా కూర్చోలేదు. నా రాజ్యంలో ఏ ఆడదీ నేల మీద కూర్చోదని ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఒట్టు పోయిపోయి నా లెక్కలో కూర్చుంది.

ఆ యాభై రెండు మందిలో ముప్పై మందికి చిన్న అంకెలొచ్చాయి. ఆట మానమన్నాం, మానేశారు. ఎవరి మోకాలూ తెగలేదు. తెగలేదు కాబట్టి మా పట్టీ వాళ్లని కాపాడిందని కాగితాలు రాసి, చప్పట్లు కొట్టించుకున్నాం. ఆడనివ్వని మోకాలు ఎలా తెగుతుందని ఒక్కరూ అడగలేదు. నేనూ అడగలేదు. నాకు డాక్టరేట్ ఇచ్చినవాళ్లని అనాలి!

ఈ సీజన్‌లో లీగ్ మొత్తం మీద ఇంటికి పంపేసినవాళ్లు పదిహేడు మంది. అందరికీ ఫోన్లు చేసి ఒకటే ప్రశ్న అడిగాను: "మీ ఇంట్ల కుర్చీ ఎప్పుడొచ్చింది?" కొందరు పిచ్చిదాన్ననుకుని పెట్టేశారు. మళ్లీ చేశాను. పదిహేడులో పదిహేను మంది ఇళ్లలో వాళ్లు పెద్దయ్యేదాకా కుర్చీ లేదు.

లీగ్ ఆరోగ్య కమిటీ అధ్యక్షుడు శేషగిరి గారు నా మాట మొత్తం విన్నారు. కాఫీ కూడా ఇప్పించారు.

"చూడమ్మా స్వరూపా, ఇప్పుడు పట్టీ తప్పంటే ఆ పదిహేడు మందీ మన మీద పడతారు. సీజన్ అవనీ. తీరిగ్గా ఓ కమిటీ వేసుకుందాం."

"సీజన్ అయ్యేసరికి ఇందూరు లీగ్‌లో ఉండదు సార్."

"ఆటన్నాక ఎవరో ఒకళ్లు పోతారు కదమ్మా. నీ మేనకోడలుందని నువ్వు ఇదైపోతున్నావు."

మేనకోడలి మాట ఎత్తేసరికి లేచి నిలబడ్డాను. కాఫీ అక్కడే వదిలేసి వచ్చేశాను. అంతకంటే గట్టిగా ఏమీ చేయలేకపోయినందుకు దారంతా నన్ను నేను తిట్టుకున్నాను.

శుక్రవారం రుక్సానా దగ్గరికి వెళ్లాను. ఆ పదిహేడు మందిలో మెరికల జట్టు పిల్ల అది. డిఫెండర్. సీజన్ రెండో మ్యాచ్‌కే పదకొండు అంకె వచ్చిందని ఇంటికి పంపాం. ఆ కాగితం మీద సంతకం నాదే. బోధన్ రోడ్డులో ఒక టైలర్ షాపులో కుడుతోంది. నేను చెబుతున్నంతసేపూ మిషన్ ఆపలేదు. జాకెట్టు చెయ్యి చివరిదాకా కుట్టి, దారం పంటితో తెంపి, అప్పుడు తలెత్తింది.

"అంటే నా మోకాలు మంచిగనే ఉండెనా మేడం?"

"మంచిగనే ఉండె."

"నాలుగు నెలల సంది మెట్లు గూడ గోడ వట్టుకోని దిగుతున్న. మా అమ్మి నన్ను బకెట్ ఎత్తనియ్యదు. ఒక సంబంధమొస్తే పిల్లకు మోకాలు లేదని పిల్లగానోళ్లు ఎనుకకు వోయిన్రు." కుట్టిన జాకెట్టుని మడిచి పక్కన పెట్టింది. "నా ఒక్కదాని చెవుల చెప్పి పోతరా? నాకు మోకాలు లేదని ఊరంత టీవీల సూసిన్రు. ఉన్నదని గూడ ఊరందరికి చెప్పున్రి."

చెబుతానన్నాను. చెయ్యి పట్టుకోబోతే వెనక్కి లాక్కుంది. నాకు తగిన శాస్తే.

అక్కణ్నుంచి నేరుగా కోచ్ రఫత్ దగ్గరికి వెళ్లాను. రఫత్ సుల్తానా నాకంటే ఐదేళ్లు పెద్దది. ఈ జట్టుని గుడిసెల్లోంచి, తండాల్లోంచి ఒక్కో పిల్లనీ ఏరి కట్టింది. మొత్తం చెప్పాక నన్ను కొడుతుందనుకున్నాను. కొట్టలేదు.

"ఎంతసేపు కూసోవాలె కింద?"

"అరగంట. అప్పుడు అసలు అంకె వస్తది. కానీ రఫత్, నియమంల కుర్చీ అని ఉన్నది. రూములోపట కింద కూసుంటే ఒప్పుకోరు."

"లోపట ఎవ్వడు సూడాలె?" అంది రఫత్. "గ్రౌండ్ నడుమ కూసుంటరు నా పిల్లలు."

ఆదివారం మూడున్నరకి ఎండ ఇంకా చురుక్కుమంటోంది. మూడు దిక్కులా గ్యాలరీలు నిండిపోయాయి. సగం మంది బీడీలు చుట్టే ఆడవాళ్లే. పరీక్ష గదిలో వేసిన కుర్చీల్ని ఒక్కరూ చూడలేదు. ఎర్ర జెర్సీలు వేసుకున్న పది మంది కాళ్లకి పట్టీలతో నడిచి వెళ్లి నడిమి వలయంలో మఠం వేసుకుని కూర్చున్నారు. పదకొండోది గంగోత్రి, పట్టీ లేకుండా ఆఖర్న వచ్చింది. నా వైపు చూడకుండా కాలు చాపింది. నేనే వంగి పట్టీ అంటించాను. అది నా భుజం మీద చెయ్యేసి బరువు ఆనించి కూర్చుంది.

శేషగిరి గారు చెమటలు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చారు. "ఏంటమ్మా ఇది, ధర్నానా? టీవీలో వెళ్లిపోతోంది!"

"ధర్నా గాదు సార్, కొలత" అంది రఫత్. "మీరు గూడ జర కూసోండ్రి. తెర సూడున్రి."

తెర మీద పదకొండు పేర్లు, పక్కన పదకొండు అంకెలు. నడిచి వచ్చినప్పుడు ఉన్నవి కిందటి మ్యాచ్ తర్వాత కుర్చీలో తీసిన అంకెలే, ఆరుగురివి ముప్పై లోపు. పది నిమిషాలకి గోల్ కీపర్ అంకె పద్నాలుగు నుంచి ఇరవై రెండుకి కదిలింది. ఇరవై నిమిషాలకి నలభై. గ్యాలరీలో ఎవరో విజిల్ వేశారు. ఆ తర్వాత ఒక్కో అంకె ముప్పై దాటినప్పుడల్లా గోల్ పడినట్టే అరిచారు జనం. అవతలి జట్టు నుంచి కూడా ఒక పిల్ల వచ్చింది. కొండల ప్రాంతం నుంచి వచ్చి మహానగరానికి ఆడుతున్న పిల్ల, ముప్పై మూడు అంకెతో సీజనంతా భయంభయంగా గడిపిందట. ఏమీ అడగకుండా మావాళ్ల పక్కన కూర్చుంది. కాసేపటికి తన అంకె ఎనభై దాటడం చూసి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

గంగోత్రి అంకె తొమ్మిది నుంచి పదిహేనయింది. ఇరవై ఒకటయింది. ఇరవై ఆరు దగ్గర ఆగింది. ముప్పై ఐదు నిమిషాలు దాటాయి, నలభై నిమిషాలు దాటాయి. ఇరవై ఆరు ఇరవై ఆరే. మిగతా అందరివీ కుర్చీ చేసిన తప్పు. దానిది మాత్రం నిజంగా అరిగింది. పోగులు నిజంగానే చిట్లుతున్నాయి.

నా చేతిలో టాబ్లెట్ ఉంది. పాస్‌వర్డ్ నాదే. రెండు మీటలు నొక్కితే ఇరవై ఆరు ముప్పై ఆరవుతుంది, ఈ భూమ్మీద ఎవరికీ తెలియదు. నా వేలు అక్కడిదాకా వెళ్లింది.

"అత్తా." గంగోత్రి నా చేతినే చూస్తోంది. "అబద్ధం రాయకు. రుక్సానాకు ఒక అబద్ధం జెప్పింది సాలదా?"

"నిజంగనే అరిగిందే నీది. ఇయ్యాల పోవచ్చు. నాకు పోయినట్టే పోవచ్చు."

"ఎరికే. ఇరవై ఆరంటే ఇరవై ఆరే. గా ఇరవై ఆరొద్దులు నాయే గద? అండ్ల ఒకటి ఇయ్యాల ఖర్చు వెట్టుకుంట. నడుమ నువ్వెవలు, వద్దనడానికి?"

వేలు తీసేశాను. లేచి, కుంటుకుంటూ వెళ్లి అనౌన్సర్ చేతిలోంచి మైకు లాక్కున్నాను.

"నేను స్వరూపను. ఈ పట్టీ జేసింది నేనే. బోధన్ రోడ్డుల ఉండే రుక్సానా మోకాలు మంచిగున్నది. ఎన్నడు చెడలేదు. తప్పు నాది. ఇంక పద్నాలుగు మందిని గిట్లనే తప్పు లెక్కతోని ఇంటికి పంపిన. అందరి పేర్లు చదువుత, ఇనున్రి."

చదివాను. ఒక్కో పేరూ, ఊరూ. మైకు తీగ పీకమని శేషగిరి గారు కేకలేస్తున్నారు. అనౌన్సర్ కుర్రాడు తీగ మీద కాలేసి నిలబడ్డాడు.

"ఇంకొకటి. ముప్పై లోపు ఆడొద్దన్న నియమం గూడ నేనే రాసిన. ముప్పయ్యే ఎందుకంటే, నిండు అంకె మంచిగ కనవడ్డదని. అండ్ల సైన్స్ ఏం లేదు. ఇరవై తొమ్మిదికి ముప్పైకి ఫరకు దేవునికి గూడ తెల్వదు. మోకాలు ఎన్నొద్దులుంటదో ఆ పిల్లకు చెప్పుడే నా పని. ఆడాల్నా వద్దా అన్నది ఆ పిల్ల పని. ఇయ్యాల్టి సంది ఎవరి అంకె వాళ్ల ఫోన్లనే పడ్తది. ఇంకెవ్వలకు కనవడది. నాకు గూడ కనవడది."

అంటూనే టాబ్లెట్‌లో మీట నొక్కాను. తెర మీద అంకెలన్నీ ఒక్కసారే పోయాయి. పేర్లు మాత్రం మిగిలాయి.

శేషగిరి గారి ముఖం జేవురించింది. "నీ ల్యాబ్‌కి రేపే తాళం పడుతుంది, తెలుసా?"

"వెయ్యండి సార్. తాళంచెవి ఎక్కడుంటదో గూడ చెప్త."

రెఫరీ సన్నగా, పొడుగ్గా ఉన్న అమ్మాయి. తెరకేసి చూసింది. తన చేతిలోని నియమాల కాగితం చూసింది. "అంకె ముప్పైకి తగ్గినవాళ్లని ఆపాలని ఉంది. ఇక్కడ అంకే లేదు. ఎవర్ని ఆపమంటారు?" అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని, ఒక్కొక్కరి బూట్ల అడుగులు తడిమి చూసి విజిల్ ఊదింది.

తొంభై నిమిషాలు నేను ఎలా బతికానో నాకే తెలియదు. గంగోత్రి తిరిగిన ప్రతి మలుపుకీ నా కుడి మోకాలు నొప్పెట్టింది. మొదటి సగంలోనే అవతలివాళ్లు ఒక గోల్ కొట్టేశారు. రెండో సగంలో గంగోత్రి పడిపోయింది. నేను లేచి నిలబడ్డాను. అది మెల్లగా లేచి, నోట్లోని గడ్డి ఉమ్మి, పడేసిన డిఫెండర్‌ని మా భాషలో ఓ మాటంది. ఆ మాట ఇక్కడ రాయలేను. మళ్లీ పరుగెత్తింది. ఎనభయ్యో నిమిషంలో ఎడమ పక్క నుంచి అది కొట్టిన బంతిని గోల్ ముందున్న పిల్ల తలతో లోపలికి నెట్టింది. ఒకటీ ఒకటి. అలాగే ముగిసింది. పక్కనున్న ఆడవాళ్లతో కలిసి నేనూ బావురుమని ఏడ్చాను, సిగ్గెందుకు?

సోమవారం ల్యాబ్‌కి నిజంగానే తాళం పడింది. ఆ మ్యాచ్ చెల్లుతుందా చెల్లదా తేల్చడానికి ఓ కమిటీ వేశారట. వేసుకోనీ. మిగతా తొమ్మిది జట్ల పిల్లలు కూడా పట్టీ అంకె తెర మీద వేస్తే మైదానంలోకి దిగేది లేదని సంతకాలు చేసి పంపారు. రుక్సానా మాత్రం నాతో ఇంకా మాట్లాడదు. మెరికల ప్రాక్టీసుకి వస్తోందని రఫత్ చెప్పింది.

ఇవన్నీ తర్వాతి సంగతులు. ఆ ఆదివారం మ్యాచ్ అయిపోయిన గంటకి గంగోత్రి డ్రెస్సింగ్ రూమ్ మెట్ల మీద మోకాలికి ఐసు కట్టుకుని కూర్చుంది. చేతిలో ఫోన్ చూసుకుంటోంది. ముఖంలో ఏమీ తెలియడం లేదు. నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. ఓపిక పట్టాలనుకున్నాను. నాకు ఓపికెక్కడిది?

"ఎంతున్నదే?"

అది ఫోన్‌ని బోర్లా తిప్పి తొడ మీద పెట్టుకుంది. "నీకెందుకు?"

"నాకెందుకేందే? అత్తను! అది జేసిందే నేను!"

"జేస్తే జేసినవ్. మోకాలు నాది. చెప్ప, పో."

చెవి పట్టుకుని మెలిపెడదామన్నంత కోపమొచ్చింది. ఇరవై ఐదా, పన్నెండా, రెండా? దాని కళ్లలోకి ఎంత తొంగి చూసినా దొరకలేదు. అది నవ్వుతోంది కూడా. ఐసు కరిగిపోయిందట, ఇంకాస్త తెమ్మంది. లేచి వెళ్లి తెచ్చాను.